పరిచయం నుంచి పుట్టే నవ్వు: తెలుగు టెలివిజన్ హాస్యం – దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల నేపథ్యంలో అభిరుచి భేదాల పరిశీలన

కీలకపదాలు: టెలివిజన్ హాస్యం, సిట్‌కామ్, స్కిట్, అమృతం, జబర్దస్త్, మాండలికం, అభిరుచి.

ఉపోద్ఘాతం

ఒకే హాస్య సన్నివేశానికి ఒకరు కడుపుబ్బ నవ్వుతారు. పక్కనే కూర్చున్న మరొకరు ముఖం చిట్లిస్తారు. ‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి’ అన్న సామెతతో ఈ తేడాను సరిపెట్టుకోవచ్చు. అయితే రుచుల్లో భేదం ఉందని చెప్పడం వేరు, ఆ భేదం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడం వేరు. టెలివిజన్ హాస్యాన్ని గురించి మాట్లాడేటప్పుడు దాన్ని సున్నిత హాస్యం, మోటు హాస్యం అని రెండుగా విడదీసి, మొదటిదాన్ని చదువుకున్నవారికీ రెండవదాన్ని తక్కినవారికీ అంటగట్టడం పరిపాటి. ఈ విభజన నిలబడేది కాదు. సిట్‌కామ్‌లో నవ్వు ప్రధానంగా పరిచయం నుంచి పుడుతుంది. ప్రేక్షకుల పరిచయాలు వేరైనప్పుడు నవ్వులూ వేరవుతాయి. ఈ విషయాన్ని తూర్పు హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే పాత్రలు, దాదాపు ఒకే చోటు, వారం వారం ఒక కొత్త చిక్కు – ఈ మూడూ కలిసిన హాస్య ధారావాహికను సిట్‌కామ్ అంటున్నారు. విడివిడిగా, ఏ వారానికావారం ముగిసిపోయే చిన్న ప్రహసనం స్కిట్. తెలుగులో ఈ రెండు రూపాలకూ ఎక్కువమంది ఎరిగిన ఉదాహరణలు వరుసగా ‘అమృతం’, ‘జబర్దస్త్’.

ప్రాంతం, ప్రేక్షకులు

విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ వైపు వెళ్లే రహదారి కలిసే చోటు ఎల్.బి.నగర్. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం జిల్లాలనుంచి, కృష్ణా, గుంటూరు, ప్రకాశం ప్రాంతాలనుంచి నగరానికి వచ్చేవారిలో చాలామంది బస్సు దిగేది ఇక్కడో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో. దిగినవారిలో ఎందరో దగ్గరలోనే గది వెతుక్కున్నారు. అందువల్ల చైతన్యపురి, కొత్తపేట, వనస్థలిపురం కాలనీలు స్థిరపడిన ఉద్యోగుల కుటుంబాలకూ, కోచింగ్ కోసం వచ్చి హాస్టళ్లలో ఉండే యువతకూ ఒకేసారి నెలవయ్యాయి. విడి పురపాలక సంఘంగా ఉన్న ఎల్.బి.నగర్ 2007లో మహానగర పాలక సంస్థలో కలిసింది; 2018 సెప్టెంబరులో అక్కడికి మెట్రో రైలు వచ్చింది. ఊరు మారినా ‘టు లెట్’ బోర్డు మాత్రం ఏ వీధిలోనూ తగ్గలేదు.

ఇక్కడి ప్రేక్షకుడు టీవీ చూసే పరిస్థితులు రెండు విధాలు. ఇంట్లో రాత్రి భోజనాల వేళ తాత, మనవరాలు, తల్లి, తండ్రి ఒకే తెరను చూస్తారు. హాస్టల్లో ఒకే వయసువారు, వేర్వేరు ఊళ్లవారు, చదువుకు విరామంగా ఒక పావుగంట నవ్వుకోవాలనుకుంటారు. మొదటి చోట వచ్చేవారం కూడా ఇదే మనుషులు ఇదే వేళకు కూర్చుంటారని నమ్మకం ఉంది. రెండవ చోట లేదు. పరీక్ష అయిపోతే గది మారుతుంది. అభిరుచి భేదానికి చదువు, సంస్కారం కారణాలనుకునే ముందు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

భరతుని వర్గీకరణ – ఒక అపార్థం

హాస్యాన్ని మెట్లుగా పేర్చేవారు తరచుగా నాట్యశాస్త్రాన్ని ఆధారం చేసుకుంటారు. భరతుడు స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని నవ్వును ఆరు విధాలుగా చెప్పి, రెండేసి చొప్పున ఉత్తమ, మధ్యమ, అధమ ప్రకృతులకు కేటాయించాడు. ఇది రంగస్థలం మీది పాత్రలు ఎలా నవ్వాలో నటునికి చెప్పిన లక్షణం. దీన్ని ప్రేక్షకుల అంతస్తుల పట్టికగా చదవడం సరికాదు. భరతుడు చెప్పిన మరో విభజన ప్రస్తుత విషయానికి ఎక్కువ ఉపయోగపడుతుంది: ఆత్మస్థం, పరస్థం. తాను నవ్వడం ఒకటి, ఇతరులను నవ్వించడం మరొకటి. పక్కవాడి నవ్వు మన నవ్వును ప్రేరేపిస్తుందని ఈ ఆలోచనను కాస్త పొడిగించవచ్చు. అమెరికన్ టెలివిజన్‌లో 1950లలో చార్లెస్ డగ్లస్ రూపొందించిన యంత్రం, రికార్డు చేసిన నవ్వులను సన్నివేశాల మధ్య చేర్చింది. ‘జబర్దస్త్’లో అదే పనిని న్యాయనిర్ణేతల స్థానాల్లో కూర్చున్న నాగబాబు, రోజా చేశారు. పంచ్ పడగానే కెమెరా వారివైపు తిరిగేది. ఇక్కడ నవ్వవచ్చని ప్రేక్షకునికి అనుమతి దొరికేది. ఒంటరిగా ఉండే హాస్టల్ విద్యార్థికి ఆ నవ్వు తోడు కూడా.

‘అమృతం’: తెలిసిన మనిషి మళ్లీ తప్పు చేయడం

గుణ్ణం గంగరాజు రూపొందించిన ‘అమృతం’ 2001 నవంబరు నుంచి 2007 నవంబరు వరకు జెమిని టీవీలో ఆదివారం రాత్రుళ్లు ప్రసారమైంది. భాగాలు మూడు వందలు దాటాయి. అమృతరావు, ఆంజనేయులు ఇరుగుపొరుగు స్నేహితులు. వారు నడిపే హోటలు అమృత విలాస్. వారి ఇంటి యజమాని అప్పాజీ, హోటల్లో పనిచేసే సర్వం. కథంతా ఇంతే. ఏదో ఒక ఉపాయంతో పైకి రావాలని అమృతరావు ఆశపడతాడు. ఆంజి వద్దంటూనే వెంట నడుస్తాడు. చివరికి ఇద్దరూ మొదలుపెట్టిన చోటికే వస్తారు.

ఈ ధారావాహికను గురించి ఆలోచించేవారు ఒక విశేషాన్ని గమనించాలి. అమృతరావు పాత్రను మొదట శివాజీరాజా, తరువాత నరేష్, ఆ తరువాత హర్షవర్ధన్ ధరించారు. నాయకుడు ముగ్గురుగా మారినా ధారావాహిక ఆగలేదు. సినిమాలో ఊహించలేని ఈ మార్పును ప్రేక్షకులు అంగీకరించారంటే, వారు నవ్వినది నటుని ముఖం చూసి మాత్రమే కాదు. అమృతరావు అనే స్వభావం వారికి తెలుసు. మంచి సలహా విన్నప్పుడు అతడు దాన్ని పాటించడని తెలుసు. మాట ఇంకా నోట్లో ఉండగానే రాబోయే ముప్పు తెలిసిపోతుంది. నవ్వు అక్కడే మొదలవుతుంది. సిట్‌కామ్‌లో నవ్వు ఆశ్చర్యం నుంచి కంటే ఎదురుచూపు నుంచి ఎక్కువగా వస్తుందనడానికి ఇది మంచి నిదర్శనం. ఆంజిగా గుండు హనుమంతరావు స్థిరంగా నిలవడం ఈ మార్పులకు ఊతమైంది. ఆయన 2018లో మరణించారు. 2020లో వచ్చిన ‘అమృతం ద్వితీయం’లో ఆ పాత్రను ఎల్.బి.శ్రీరామ్ ధరించారు. ఈసారి మాత్రం పోలిక తప్పలేదు. అమృతరావును ముగ్గురిలో చూడగలిగిన ప్రేక్షకులకు ఆంజి అంటే ఒక్క హనుమంతరావే.

ఫ్రెంచి తాత్త్వికుడు హెన్రీ బెర్గ్‌సన్ 1900లో వెలువడిన తన ‘నవ్వు’ గ్రంథంలో, సజీవుడైన మనిషి యంత్రంలా ప్రవర్తించినప్పుడు హాస్యం పుడుతుందని ప్రతిపాదించాడు. పరిస్థితి మారినా పాత అలవాటును వదలలేని అమృతరావుకు ఈ సూత్రం సరిగ్గా అతుకుతుంది. అయితే ఆ అలవాటు అతనికి ఉందని ముందుగా తెలియాలి కదా! మొదటిసారి చూసేవారికి ‘అమృతం’ ఒక్కోసారి చప్పగా అనిపించడానికి కారణం ఇదే. పదో భాగంలో నవ్వించేది, మొదటి తొమ్మిది భాగాలు పోగుచేసిన పరిచయం.

తెలుగువారికి ఈ పద్ధతి కొత్తది కాదు. పరమానందయ్య శిష్యులు ప్రతి కథలోనూ గురువు మాటను అక్షరాలా పాటించి కొంప ముంచుతారు. మునిమాణిక్యం నరసింహారావు ‘కాంతం కథలు’ ఒకే దంపతులను మళ్లీ మళ్లీ చూపించాయి. కాంతం మాటకారితనం పాఠకునికి ముందే తెలిసినందువల్ల, భర్త గొప్పలకు పోగానే పాఠకుడు కాంతం జవాబు కోసం చెవి ఒగ్గుతాడు. ‘అమృతం’లో భార్యలు భర్తలకంటే లోకజ్ఞానం గలవారుగా కనిపించడం ఈ సంప్రదాయానికి దగ్గర.

ఇక అప్పాజీ సంగతి. అద్దె ఇళ్ల కాలనీలో బతికే కుటుంబానికి ఇంటి యజమాని పాత్రను వివరించనక్కరలేదు. చైతన్యపురిలో మేడ మీది వాటాలో ఉండేవారు అప్పాజీని చూసి నవ్వే నవ్వులో, కింది వాటాలో ఉండే యజమాని ముందు నవ్వలేని నవ్వు కూడా కొంత కలిసి ఉంటుంది. యజమానీ అదే ధారావాహిక చూసి నవ్వుతాడు, అప్పాజీ తనలాంటివాడు కాడన్న ధీమాతో.

‘జబర్దస్త్’: పరిచయానికి వ్యవధి లేని హాస్యం

2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’, మరుసటి సంవత్సరం ‘ఎక్స్‌ట్రా జబర్దస్త్’ చేరడంతో గురు, శుక్రవారాలు రెండింటినీ ఆక్రమించింది. స్కిట్‌కు ఉన్న వ్యవధి కొద్ది నిమిషాలు. ఆ వ్యవధిలో ఒక స్వభావాన్ని పెంచడం సాధ్యం కాదు. కాబట్టి ప్రేక్షకునికి ముందే తెలిసిన అచ్చులను వాడుకోవాలి: గయ్యాళి భార్య, తాగుబోతు భర్త, అమాయకపు పల్లెటూరివాడు, నల్లనివాడు, పొట్టివాడు, చీర కట్టిన మగవాడు. ఇదీ పరిచయమే, కానీ వ్యక్తితో పరిచయం కాదు, జాతకం రాసిపెట్టిన ముద్రతో పరిచయం. నవ్వు వెంటనే వస్తుంది. దాని ఖర్చు ఆ ముద్ర పడినవారిమీద పడుతుంది.

దీన్ని టెలివిజన్ తెచ్చిన దిగజారుడుగా చెప్పడం చరిత్రను మరచిపోవడమే. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు రామాయణ కథ మధ్యలో దూరి పచ్చిగా తిట్టుకొని ప్రేక్షకులను మేల్కొల్పేవారు. ఆ బొమ్మలకూ ‘జబర్దస్త్’ జట్లకూ బంధుత్వం ఉంది. అయితే తేడా కూడా ఉంది. బొమ్మలాటలో ఊరంతా ఒకచోట కూర్చునేది. తిట్టు హద్దు మీరితే ఆడించేవాడికి అక్కడే తెలిసేది. స్టూడియోలో చిత్రించిన స్కిట్‌కు ఆ జవాబుదారీ లేదు. అభ్యంతరాలు వచ్చినా ప్రసారం జరిగిపోయాకే వస్తాయి.

నవ్వేవారు, నవ్వులపాలయ్యేవారు

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలో ఈ విషయం సిద్ధాంతంగా మిగలదు. ఒక గదిలో దేవరకొండ విద్యార్థి, ఒంగోలు విద్యార్థి, శ్రీకాకుళం విద్యార్థి ఉన్నారనుకుందాం. తెర మీద ఒక పాత్ర యాసలో మాట్లాడగానే, ఆ యాస తప్ప అందులో వేరే చమత్కారం లేకపోయినా ఇద్దరు నవ్వుతారు, ఒకరు నవ్వరు. ఆ ఒకరికి రుచి లేదనడం అన్యాయం. తన ఇంట్లో అమ్మ మాట్లాడే మాటలో అతనికి వింత కనిపించదు. తెలుగు సినిమా చాలాకాలం కోస్తా శిష్ట భాషను నాయకునికిచ్చి, తెలంగాణ మాటను, ఉత్తరాంధ్ర మాటను హాస్యగానికో ప్రతినాయకునికో వదిలింది. టెలివిజన్ ఆ ఆస్తినే వారసత్వంగా పొందింది.

ఇదే గదిలో వీ6 ‘తీన్మార్ వార్తలు’లో బిత్తిరి సత్తి కనిపించినప్పుడు నవ్వులు చోట్లు మారేవి. అక్కడ కూడా అమాయకుడు, తెలంగాణ మాట ఉండేవి. అయినా వార్త చదివే సావిత్రి సైతం అదే మాట మాట్లాడేది. యాస అందరిదీ అయినప్పుడు అది నవ్వుకు కారణం కాకుండా పోతుంది. సత్తి మాట చెప్పే తీరు, అతని ఎదురు ప్రశ్నలు కారణమయ్యేవి. మాండలికం హాస్యానికి వస్తువు కావడానికీ, హాస్యం చెప్పే భాష కావడానికీ మధ్యనున్న దూరం ఇదే. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో గిరీశం మాత్రమే గాక అగ్నిహోత్రావధానులు, మధురవాణి, అందరూ వారి వారి మాటలే మాట్లాడారు. అందులో యాసకు నవ్వడం కుదరదు, మనిషికే నవ్వాలి.

‘జబర్దస్త్’లో ఒక జట్టుకు నాయకుడుగా ఉన్న వేణు ఎల్దండి, 2023లో ‘బలగం’ సినిమాకు దర్శకత్వం వహించారు. విందులో వడ్డించని నల్లి బొక్క దగ్గర మొదలైన బావబామ్మర్దుల అలక ఏళ్లతరబడి సాగడం అందులో ఒక ముఖ్యాంశం. అదే ముక్కను పంచ్‌గా మార్చి స్కిట్‌లో వాడుకోవచ్చు. సినిమాలో ఆ అల్లుని పౌరుషం, ఆ ఇంటి ఆనవాయితీ తెలిశాక దానికి నవ్వు, దుఃఖం రెండూ వస్తాయి. స్కిట్ రచనలో ఆరితేరిన చేయే ఈ పని చేసిందన్నది గుర్తించవలసిన విషయం. కళాకారుని స్థాయిని రూపం నిర్ణయించదు. అతనికి దొరికిన వ్యవధి, ఆ కథకు అతడు ఎంత దగ్గరివాడన్నది నిర్ణయిస్తాయి.

2016 తరువాత డేటా చవకై ప్రతి చేతిలో ఒక తెర వచ్చింది. రిమోట్ కోసం తగవులు తగ్గాయి, కలిసి నవ్వడమూ తగ్గింది. ‘అమృతం’ భాగాలు యూట్యూబులో ముక్కలుగా చూసే యువతకు అమృతరావుతో పరిచయం వెనకనుంచి ముందుకు జరుగుతోంది. మరోవైపు 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘నైంటీస్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ ఆరు భాగాలూ ఒకే రాత్రి చూసేయవచ్చు. లెక్కల మాస్టారి ఇంట్లో తల్లి చేసే ఉప్మా మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మూడోసారికి గిన్నె చూస్తేనే నవ్వు వస్తుంది. ఆరు సంవత్సరాల్లో ‘అమృతం’ సంపాదించిన పరిచయాన్ని అది ఆరు భాగాల్లో కొంతవరకు సాధించింది. హాస్టల్ మెస్‌లో పొద్దున్నే ఉప్మా తినే కుర్రాళ్లకు, ఏ జిల్లావారైనా, ఆ గిన్నెను ఎవరూ పరిచయం చేయనక్కరలేదు.