ఇంటి బీమా: ఎంత కట్టాలె, ఏం చూసుకోవాలె

అన్నలూ, అక్కలూ, నేను చదివింది నాలుగో తరగతి. మిల్లులో కొన్నేండ్లు, మిల్లు మూతపడ్డాక పవర్‌లూమ్ సాంచాల మీద ఇంకొన్నేండ్లు పనిచేసి ఇప్పుడు ఇంటి పట్టున ఉన్నాను. బీమా సంగతి నేను రాయడమేందని మీకు అనిపించొచ్చు. మా ఇంట్లో జరిగింది మీ ఇంట్లో జరగకూడదని రాస్తున్నాను.

మా చిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడు, షోలాపూర్‌లోనే ఉంటాడు. బ్యాంకు లోను తీసుకుని రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. పోయిన ఎండకాలం షార్ట్ సర్క్యూట్ అయి ఇల్లు కాలింది. దేవుడి దయవల్ల మనుషులు బయటపడ్డారు. సామాను, రేకులు, తలుపులు అన్నీ బూడిదయ్యాయి. “దిగులు పడకు వదినా, లోను ఇచ్చేటప్పుడే బీమాకని 22,000 పట్టుకున్నరు” అని మా ఆవిడకు మరదలే ధైర్యం చెప్పింది. తీరా కాగితం పట్టుకుని బ్యాంకుకు పోతే, అది ఇంటి మీద బీమా కాదు, మా తమ్ముడి ప్రాణం మీద బీమా అని తేలింది. మనిషి పోతే లోను తీరుతుంది, ఇల్లు పోతే ఏమీ రాదు.

“అంటే నేను సస్తే పైసలొస్తయి, ఇల్లు కాలితే రావా అన్నా?” అని వాడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. కాలిన ఇంటికి ఈ రోజుకీ కిస్తు కడుతున్నాడు.

అప్పటినుంచి తెలిసినవాళ్ళను, ఏజెంట్లను అడిగి నాలుగు సంగతులు తెలుసుకున్నాను.

బీమా కంపెనీల మీద పెత్తనం చేసే సర్కారు సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. దాని ఆఫీసు మన హైదరాబాదులోనే ఉంది. ఆ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే పాలసీ తెచ్చింది. ఇంటికి బీమా చేసే కంపెనీలన్నీ దీన్ని ఇవ్వాలె. షరతులు అన్ని కంపెనీల్లో ఒక్కటే, ధర మాత్రం ఎవరిది వారిదే. అగ్గి, పిడుగు, భూకంపం, తుపాను, వరద, అల్లర్లు దీని కిందికి వస్తాయి.

మహారాష్ట్రలో సగటున ఎంత అవుతుందని అందరూ అడుగుతారు. సగటు మనకు పనికిరాదు. ముంబైలో ఇరవయ్యో అంతస్తు ఫ్లాటు, షోలాపూర్‌లో మన రేకుల ఇల్లు ఒక్క లెక్కలో కలవవు. ఎవరి ఇంటి లెక్క వాళ్ళే వేసుకోవాలె.

మొదటిది, బీమా భూమి ధర మీద కాదు, ఇల్లు మళ్ళీ కట్టడానికి అయ్యే ఖర్చు మీద. మా ఇంటి కార్పెట్ ఏరియా 450 చదరపు అడుగులు. మేస్త్రీ అడుగుకు 1,800 చెప్పాడు. రెండూ గుణిస్తే 8,10,000 రూపాయలు. ఇంటికి చేస్తే లోపలి సామానుకు అందులో 20 శాతం, అంటే 1,62,000, లిస్టు ఇవ్వకుండానే కలుస్తుంది. ఇట్లా కలిసేది 10 లక్షలు దాటదు. నాకు 18 శాతం జీఎస్టీతో కలిపి ఏడాదికి ఐదు వందల లోపే పడింది. నెలకు లెక్కేస్తే నాలుగు చాయల పైసలు.

రెండోది, ఇల్లు కట్టిన తీరు. స్లాబు ఇంటికి ఒక ధర, మట్టి గోడలు, కట్టె దూలాలు ఉంటే ఇంకో ధర అడగొచ్చు.

మూడోది, ఇల్లు ఉన్న చోటు. నది పక్కన, పల్లంలో ఉంటే వరద భయం. 2005 జులై 26న ముంబై శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. మనకు భూకంపం రాదనుకోకండి. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున కిల్లారి కదిలినప్పుడు షోలాపూర్‌లో మేమంతా రోడ్డు మీదికి ఉరికాం. అక్కడ బరువైన రాతి గోడలు మీదపడి వేలమంది పోయారు.

నాలుగోది, పైన కలిపించుకునేవి. బంగారానికి విడిగా కలిపించుకోవాలె. నగదు పోతే రాదు. మామూలు దొంగతనం ఇందులో లేదు. అగ్గి, వరద వంటివి జరిగాక ఏడు రోజుల లోపల దొంగతనమైతేనే వర్తిస్తుంది.

ఐదోది మనకే ముఖ్యం. ఇంట్లో సాంచా ఉంటే దాచకండి. సాంచా, నూలు, నేసిన టవల్స్ ఇంటి సామాను కిందికి రావు. వాటికి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే వేరే పాలసీ ఉంది. ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయండి. అబద్ధం రాసి కొంచెం మిగుల్చుకుంటే, ఆపద నాడు మొత్తం పోతుంది.

కిరాయికి ఉండేవాళ్ళు సామానుకు మాత్రం చేసుకోవచ్చు. ఒకటే సారి పదేండ్ల వరకు కూడా తీసుకోవచ్చు. ధర ఒక్కో దగ్గర ఒక్కో తీరు గనుక రెండు మూడు కంపెనీలను అడగండి.

నష్టం జరిగితే వెంటనే కంపెనీకి చెప్పండి. ఫోటోలు తీయండి. ఫైర్ బ్రిగేడు కాగితం తీసుకోండి. సర్వేయర్ చూడకముందే కాలిన సామాను పారేయకండి. కంపెనీ సతాయిస్తే 155255 నంబరుకు ఫోను చేయొచ్చు. అక్కడా తెగకపోతే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నాడు, ఫీజు లేదు.

కుంభారి దగ్గర రాయ్‌నగర్‌లో 2024 జనవరిలో 15,000 ఇండ్ల తాళాలు పేదోళ్ళ చేతికొచ్చాయి. బీడీలు చుట్టే అక్కలు, సాంచాల మీది అన్నలు ఏండ్లకేండ్లు ఎదురుచూసిన ఇండ్లు అవి. తాళం వచ్చిందని సంబరపడడమే కాదు, ఆ ఇంటికి కాపలా కూడా ఉండాలె.

ఈ రాత్రి అన్నం తిన్నాక పెట్టె తెరిచి లోను కాగితాలు తీయండి. చదవరాకపోతే కాలేజీకి పోయే పిల్లలతో చదివించండి. బీమా మీ పేరు మీదనా, మీ ఇంటి మీదనా, ఏ తారీకు వరకు ఉందో అడగండి. ఇంటి మీద లేకపోతే రేపే బ్యాంకుకు పోయి అడగండి. మా తమ్ముడు ఇల్లు కాలినాక అడిగిండు. మీరు ముందే అడగండి.