గరిట చేతికిస్తేనే వంటొస్తుంది

కచ్చి బిర్యానీ హండీ మూతకు పిండిముద్దతో సీలు వేశాక ఇక తీసి చూడటం కుదరదు. అడుగున మసాలాలో నానిన పచ్చి మాంసం, పైన సగం ఉడికిన బియ్యం. మంట ఎప్పుడు తగ్గించాలో, హండీ ఎప్పుడు దించాలో లోపలి చప్పుడును, బయటికొచ్చే వాసనను బట్టి మాస్టరే పోల్చుకోవాలి. ఈ నేర్పు పుస్తకం చదివితే వచ్చేది కాదు. పక్కన నిలబడి చూసి, చేసి, చెడగొట్టి, మళ్లీ చేస్తేనే పట్టుబడుతుంది. అందుకే వంట వృత్తికి అప్రెంటిస్‌షిప్‌ను మించిన చదువు లేదు. దాన్ని పద్ధతిగా నడపడమే ఇప్పుడు కావాల్సింది.

ఉల్లిపాయల దగ్గరే ఆగిపోతే...

కొత్తగా చేరిన కుర్రాడికి మొదట దక్కేది కటింగ్ పనే. అందులో తప్పు లేదు. వేయించే ఉల్లిపాయను ఒకే మందంలో తరగకపోతే కొంత మాడిపోతుంది, కొంత మెత్తగా మిగులుతుంది. ఆ తేడా చేతికి తెలియాల్సిందే. కానీ నెలలు గడిచినా పొయ్యి దగ్గరికి రానివ్వకపోతే అది శిక్షణ పేరుతో చేయించుకునే చౌక చాకిరీ.

చట్టం ఏమంటోంది?

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం హోటళ్లకూ వర్తిస్తుంది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, ఆపైన సిబ్బంది ఉన్న సంస్థ వారిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. చదువును బట్టి నెలకు కనీస స్టైపెండ్‌ను 5,000 నుంచి 9,000 రూపాయలుగా ఆ సవరణే ఖరారు చేసింది. అందులో 25 శాతం, గరిష్ఠంగా 1,500 రూపాయలు కేంద్రం భరించేలా 2016లోనే ఓ ప్రోత్సాహక పథకం మొదలైంది.

ఏడాదిని ఇలా పంచుకోవచ్చు

మొదటి రెండు నెలలు శుభ్రత, కత్తి పట్టే తీరు, నిల్వ పద్ధతులు. చల్లని పదార్థం 5 డిగ్రీల లోపు, వేడిది 60 డిగ్రీలకు పైన ఉండాలన్న సూత్రం అప్పుడే ఒంటబట్టాలి. ఆ తర్వాత టిఫిన్లు, గ్రేవీలు, తందూరు, బిర్యానీ, బేకరీ... ఒక్కో విభాగంలో రెండేసి నెలలు. చేసిన వంటకం, వేసిన పాళ్లు, జరిగిన పొరపాటు రోజూ నోటుపుస్తకంలో రాయించి మాస్టరు సంతకం పెట్టాలి. విభాగం మారేముందు ఎవరి సాయం లేకుండా ఒక వంటకం చేసి చూపించాలి.

అన్ని విభాగాలూ లేని చిన్న హోటళ్లు బెంగపడక్కర్లేదు. యజమానులు కలిసి అప్రెంటిస్‌లను ఒకరి దగ్గర్నుంచి మరొకరి దగ్గరికి పంపుకునే వెసులుబాటు చట్టంలోనే ఉంది. ఒకచోట టిఫిన్లు, ఇంకోచోట బిర్యానీ, మరోచోట బేకరీ నేర్పొచ్చు.

మాస్టరుకూ భరోసా కావాలి

పనంతా నేర్పేస్తే రేపు తన చోట్లో ఆ కుర్రాడినే పెడతారేమోనని మాస్టరుకు భయం. మసాలా పాళ్లు దాచుకునేది అందుకే. నేర్పడాన్నీ ఉద్యోగంలో భాగం చేసి, దానికి విడిగా డబ్బివ్వాలి. ఎవరు తయారుచేసిన కుర్రాడన్నది నలుగురికీ తెలిసేలా సర్టిఫికెట్‌తో పాటు మాస్టరు పేరూ చెప్పాలి.

పిల్లల్ని వంటపనిలో చేర్చే తల్లిదండ్రులు జీతమెంతని అడిగి ఊరుకోకూడదు. ఏయే విభాగాల్లో తిప్పుతారు, నేర్పేదెవరు, చివర్లో పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారా అని నిలదీసి అడగాలి. వీటికి సూటిగా బదులిచ్చే వంటగదిలోనే చేర్పించాలి.