రాకెట్టు బరువు, చేతి తూకము



మా లాలాగూడ రైల్వేవారి బస్తీ. ఈ పొరుగుననే, రైల్వే సిగ్నలు శిక్షణ సంస్థ ఆటస్థలమున, పి. వి. సింధు మహబూబు అలీగారి యొద్ద బాడ్మింటను ఓనమాలు దిద్దెను; 2019లో ప్రపంచవిజేత యయ్యెను. అది విని మా మనుమరాలును రాకెట్టు కోరినది. అంగడిలో రెండు చూపిరి. రెండును 85 గ్రాములే. చేతికి బరువుగా తోచినదే గట్టిదని తలచి దానినే కొంటిని. వారము తిరుగకమునుపే పిల్లకు మణికట్టు నొప్పి పుట్టినది. తప్పు నాది.

బాడ్మింటను రాకెట్టు సామాన్యముగా 80 మొదలు 90 గ్రాములు. స్క్వాషు రాకెట్టు 110 మొదలు 170. కాని త్రాసు చెప్పునది సగమే. గొడ్డలిని కామ చివర పట్టి యెత్తుడు. పిదప తల దగ్గర పట్టి యెత్తుడు. బరువు మారలేదు, అది చేతికెంత దూరమున నున్నదో అదియే మారినది.

పరీక్ష సులభము. రాకెట్టును వ్రేలిపై అడ్డముగా నిలిపి, అది వంగక నిలుచు చోటును పిడి చివరనుండి కొలువుడు. 29 సెంటీమీటర్ల దరిదాపున నున్నచో సమతూకము. అంతకు మించినచో తల బరువు: దెబ్బకు బలము, చేతికి శ్రమ. తగ్గినచో పిడి బరువు: త్రిప్పుట సులువు, దెబ్బకు బలము కొరత.

నేను మార్చి తెచ్చిన దానిదియు 85 గ్రాములే. పిల్లకు నొప్పి తగ్గినది. కావున కొనుటకు ముందు ఆడు పిల్లచేతి కిచ్చి, పదిమారులు విసరించి, అడుగుడు. బరువు త్రాసు చెప్పును. సుఖము చేయి చెప్పవలెను.