కారుకీ నెల నెలా రీచార్జా? రాజమండ్రిలో కూర్చుని వేసిన లెక్క

సంక్రాంతి మూడు రోజులూ దానవాయిపేటలో మా వీధి హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లా ఉంటుంది. ఎటు చూసినా టీఎస్, టీజీ ప్లేట్లే. ఈసారి వాటి మధ్య నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న కార్లు కూడా మూడు కనిపించాయి. అవి సెల్ఫ్ డ్రైవ్ అద్దె కార్లు. పండక్కి ఊరెళ్లడానికి సొంత కారెందుకు, యాప్‌లో బుక్ చేస్తే పోలా అనుకునే బ్యాచ్ మన ఊరి దాకా వచ్చేసిందన్నమాట.

అదే పండక్కి డాలస్ నుంచి మా మేనత్త కొడుకు వచ్చాడు. ఫోన్‌లో తన కారు ఫొటో చూపిస్తే, ఎంత పడింది బావా అన్నాను. "నాది కాదురా, లీజు. మూడేళ్లయ్యాక ఇచ్చేస్తా" అన్నాడు. మా నాన్నగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "అంటే అద్దె కారేంట్రా?" అన్నారు. ఆ గొంతులో ఉన్నది జాలి.

ఇబ్బంది ఏంటంటే, నేనూ దాదాపు అదే పని చేద్దామనుకుంటున్నాను. ఇంట్లో 2014 నాటి వ్యాగన్ఆర్ ఉంది, ఏపీ 05 ప్లేటుది. దాని బదులు బ్యాటరీని అద్దెకిచ్చే స్కీమ్‌లో ఒక ఈవీ తెద్దామని ఆర్నెల్లుగా అనుకుంటున్నా. ఫోన్ ఈఎంఐలో కొంటాం, సినిమాలు సబ్‌స్క్రిప్షన్‌లో చూస్తాం, క్లౌడ్ స్టోరేజీకి నెల నెలా కడతాం. కారు మాత్రం ఎందుకు మొత్తం కొనాలి? ఈ ప్రశ్నకి ఆవేశంగా కాకుండా అంకెలతో జవాబు వెతుకుదామని కూర్చున్నా.

బావ కారు ఎవరిది?

ముందు అమెరికా లీజు సంగతి. అక్కడ లీజంటే కారు మొత్తం ధర కట్టడం కాదు. మూడేళ్లలో ఆ కారు విలువ ఎంత తగ్గుతుందో అంచనా వేసి, ఆ తగ్గుదలనీ దాని మీద వడ్డీనీ 36 నెలలకి పంచుతారు. అందుకే అదే కారుని లోన్‌లో కొంటే వచ్చే ఈఎంఐ కంటే లీజు నెలసరి సాధారణంగా తక్కువ ఉంటుంది. బదులుగా కొన్ని షరతులు. ఏడాదికి 10,000 నుంచి 15,000 మైళ్లు మాత్రమే తిరగాలి. 12,000 మైళ్లంటే మన లెక్కలో సుమారు 19,300 కిలోమీటర్లు. దాటితే మైలుకి 15 నుంచి 25 సెంట్లు అదనం. తిరిగిచ్చేటప్పుడు గీతలు, సొట్టలు చూసి బిల్లు వేస్తారు.

ఈవీల విషయంలో ఇంకో మెలిక కూడా నడిచింది. కొనేవాళ్లకి 7,500 డాలర్ల ట్యాక్స్ క్రెడిట్ రావాలంటే సవాలక్ష రూల్స్. అదే లీజుకి తీసుకుంటే ఆ కారు చట్టం దృష్టిలో లీజింగ్ కంపెనీ కొన్న కమర్షియల్ వాహనం, కాబట్టి చాలా రూల్స్ వర్తించవు. ఆ క్రెడిట్‌ని కంపెనీలు నెలసరిలో తగ్గించి ఇచ్చేవి. 2025 సెప్టెంబర్ 30తో ఆ ముచ్చట ముగిసింది.

మా బావ అసలు కారణం వేరే. హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఐదేళ్ల తర్వాత ఏ ఊళ్లో ఉంటాడో, అసలు ఏ దేశంలో ఉంటాడో తెలీదు. "ఐదేళ్ల లోన్ కంటే మూడేళ్ల లీజే నయం కదరా" అన్నాడు. మధ్యలో వదిలేసినా సులువేం కాదు, ముందే రద్దు చేస్తే గట్టిగానే వసూలు చేస్తారు. కాకపోతే ఆలోచన అర్థమైంది: ఎక్కడ స్థిరపడతాడో తెలియనివాడికి కారు ఒక సర్వీసు. యాభై ఏళ్లుగా ఒకే వీధిలో ఉన్న మా నాన్నగారికి అది ఇంటి సామాను.

కారు సైజు మన టేస్టు కాదు

మా వ్యాగన్ఆర్‌నే తీసుకోండి. జపాన్‌లో ఈ పేరుతో సుజుకి 1993లో మొదలుపెట్టింది. మన దగ్గరికి వచ్చింది 1999 చివర్లో. పేరు ఒకటే, కారు ఒకటి కాదు. అక్కడిది కెయ్ కారు: పొడవు 3.4 మీటర్లు దాటకూడదు, వెడల్పు 1.48 మీటర్లు, ఇంజిన్ 660 సీసీ లోపు. ఆ కొలతల్లో ఉంటే పన్ను తక్కువ. పైగా జపాన్‌లో కారు రిజిస్టర్ చేయాలంటే పార్కింగ్ స్థలం ఉందని సర్టిఫికెట్ చూపించాలి, చాలా పల్లె ప్రాంతాల్లో కెయ్ కార్లకి అది అక్కర్లేదు. సొంత కెయ్ కారుకి పసుపు ప్లేటు ఉంటుంది. మన దగ్గర ఆ రంగు చూస్తే చెయ్యెత్తి ట్యాక్సీ ఆపుతాం.

మన దగ్గర గీత నాలుగు మీటర్ల దగ్గర గీశారు. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకి ఎక్సైజ్ తగ్గించినప్పటి నుంచీ కంపెనీలన్నీ ఆ కొలతకి కార్లని కత్తిరించడం నేర్చుకున్నాయి. డిక్కీ ఎవరో రంపంతో కోసేసినట్టుండే సెడాన్లు గుర్తున్నాయా? ఆ పుణ్యమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారాక కూడా గీత అక్కడే ఉంది. నాలుగు మీటర్ల లోపు పొడవుతో 1200 సీసీ దాటని పెట్రోల్, 1500 సీసీ దాటని డీజిల్ కార్లకి 18 శాతం. పెద్ద వాటికి 40. ఈవీలకి 5.

అమెరికావాళ్లకి పికప్ ట్రక్కులంటే అంత మోజెందుకు? ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచీ అక్కడ ఎక్కువగా అమ్ముడయ్యే పికప్. రోడ్లు వెడల్పు, పెట్రోల్ చవక, నిజమే. దాంతోపాటు ఒక కోడి కథ ఉంది. అరవయ్యో దశకంలో అమెరికా కోళ్ల మీద యూరప్ సుంకం వేస్తే, బదులుగా అమెరికా 1964 నుంచి దిగుమతి అయ్యే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్ల గొడవ ఎప్పుడో చల్లారింది, సుంకం ఉండిపోయింది. బయటి నుంచి పోటీ లేక సొంత కంపెనీల పికప్‌లు అక్కడ రాజ్యమేలాయి. సంక్రాంతి కోడి పందేల గొడవలు మనకే ఉన్నాయనుకున్నాను.

సింగపూర్ అయితే ఇంకో లోకం. కారు కంటే ముందు పదేళ్లు నడుపుకునే హక్కుని వేలంలో కొనాలి, ఆ కాగితమే లక్ష సింగపూర్ డాలర్లు దాటిన రోజులున్నాయి. గల్ఫ్‌లో డ్రైవర్లుగా చేసి వచ్చిన కోనసీమవాళ్లని కదిపితే ల్యాండ్ క్రూయిజర్ తప్ప ఇంకో కారు కారే కాదంటారు. ఎడారి, వేడి, చవక పెట్రోల్ ఉన్నచోట అది న్యాయమే. ఆ బండితో మన కాలువ గట్టు రోడ్డు ఎక్కి, ఎదురుగా కొబ్బరికాయల లారీ వచ్చినప్పుడు ఏం చేస్తారో నాకు చూడాలనుంది.

మన డెల్టాకి కావాల్సింది వేరే. వెడల్పు తక్కువ, గ్రౌండ్ క్లియరెన్స్ ఎక్కువ, మే నెలలో ఏడ్చేయకుండా పనిచేసే ఏసీ. 2024లో దేశం మొత్తం మీద ఎక్కువగా అమ్ముడైంది టాటా పంచ్. నాలుగు దశాబ్దాల తర్వాత మొదటి స్థానం మారుతీది కాకుండా పోయింది. 3.8 మీటర్ల పొడవు, 187 ఎంఎం క్లియరెన్స్. మా వీధిలోనే నాలుగున్నాయి.

ఇప్పుడు అసలు లెక్క

నేను చూసింది ఎంజీ విండ్‌సర్. 2024 సెప్టెంబర్‌లో లాంచ్ అయినప్పుడు బ్యాటరీ లేకుండా 9.99 లక్షలు, బ్యాటరీ అద్దె కిలోమీటరుకి మూడున్నర రూపాయలు. బ్యాటరీతో కలిపి కొంటే 13.50 లక్షలు. రెండూ ఎక్స్ షోరూమ్. ధరలూ రేట్లూ మారుతుంటాయి, కాబట్టి అంకెలు మీవి వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

తేడా 3.51 లక్షలు. మూడున్నరతో భాగిస్తే లక్ష కిలోమీటర్లు. "లక్ష కి.మీ. తిరిగేదాకా నీకు లాభమే" అని సేల్స్‌లో చెప్పేది ఈ లెక్కే. మా వ్యాగన్ఆర్ 11 ఏళ్లలో తిరిగింది 62,000. అంటే నాకు పండగే అనుకున్నా.

కానీ ఫైనాన్స్ కంపెనీని బట్టి నెలకి కనీసం ఇన్ని కిలోమీటర్లు అన్న షరతు ఉంటుంది. 1,500 అనుకుందాం. నెలకి 5,250 రూపాయలు, కారు కదిలినా కదలకపోయినా. మేము నెలకి తిరిగేది 470. మార్కెట్‌కీ, కోటగుమ్మం దాకా వెళ్లి రోజ్‌మిల్క్ తాగడానికీ స్కూటీయే కదా. అంటే నాకు బ్యాటరీ అద్దె కిలోమీటరుకి మూడున్నర కాదు, 11 రూపాయల పైచిలుకు. లీటరు 110 రూపాయల పెట్రోల్ పోసి, 17 మైలేజీ ఇచ్చే కారు నడిపినా కి.మీ.కి ఆరున్నరే. బావ ఎక్కువ తిరిగితే ఫైను, నేను తక్కువ తిరిగితే ఫైను.

పోనీ ఎక్కువ తిరిగేవాళ్లకి? రోజూ కాకినాడ, అమలాపురం చుట్టే మెడికల్ రెప్ ఉన్నాడనుకోండి. ఆ 3.51 లక్షలని 9 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్‌లో పెడితే ఈఎంఐ సుమారు 7,290. నెలకి 2,080 కి.మీ. దాటితే అద్దె ఈ ఈఎంఐని మించిపోతుంది. అంతకంటే తిరిగేవాడు బ్యాటరీ కొనేసుకోవడమే మంచిది, ఐదేళ్ల తర్వాత అది తనది అవుతుంది, అమ్మినప్పుడు దాని విలువా వస్తుంది. అద్దెకి మాత్రం ముగింపు ఉండదు. పైగా విండ్‌సర్‌కి మొదటి ఓనర్‌కి బ్యాటరీ మీద లైఫ్‌టైమ్ వారంటీ ఇచ్చారు. కాబట్టి "బ్యాటరీ పాడైతే రిస్క్ వాళ్లదే కదా" అన్న వాదన కూడా సగం తేలిపోయింది.

మిగిలింది మధ్యలో ఒక సన్నని సందు: నెలకి 1,500 నుంచి 2,000 కి.మీ. తిరిగి, నాలుగైదేళ్లకే కారు మార్చేసేవాళ్లు, ఇప్పుడు చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు. మీరు ఆ సందులో ఉంటే నిస్సంకోచంగా తీసుకోండి. స్కూటర్లకీ ఇది వచ్చింది, 2025 జులైలో వీడా వీఎక్స్2 కి.మీ.కి 96 పైసలతో మొదలైంది. దానికీ ముందు అడగాల్సింది కనీస కిలోమీటర్ల గురించే.

మామూలు లీజు సంగతి కూడా చూశాను. ఐటీ కంపెనీల్లో జీతం నుంచి కోసుకునే కార్పొరేట్ లీజు పన్ను పరంగా బాగానే ఉంటుంది, ఉద్యోగం ఉన్నంతకాలం. మానేసినా, తీసేసినా మిగిలిన వాయిదాల లెక్క తేల్చాలి. లేఆఫ్‌ల రోజుల్లో ఇది చిన్న అక్షరాల్లో చదవాల్సిన విషయం కాదు. సబ్‌స్క్రిప్షన్లేమో ఎక్కువగా పెద్ద నగరాల చుట్టూనే. హైదరాబాద్‌లో తీసుకుని వర్క్ ఫ్రమ్ హోమ్ అంటూ ఇక్కడ పెట్టుకుంటే, 12 నెలలు దాటాక ఇక్కడి రిజిస్ట్రేషన్‌కి మార్చాలి. దానికి సంతకం పెట్టాల్సింది ఓనరు. అంటే మీరు కాదు.

ఈవీగా మాత్రం మన ఊరికి బాగా సరిపోతుంది. హైదరాబాద్ ఫ్లాట్లలో చార్జింగ్ పాయింట్ కోసం అసోసియేషన్‌తో యుద్ధం చేస్తారు. ఇక్కడ సొంత పోర్టికోలు ఎక్కువ, ప్లగ్ పెట్టి పడుకోవచ్చు. యూనిట్ ఏడు రూపాయలు అనుకున్నా కి.మీ.కి రూపాయే. కంపెనీ చెప్పే 332 కి.మీ. రేంజ్ రోడ్డు మీద రాదు గానీ, కాకినాడ వెళ్లి రావడానికి దిగులుండదు. వైజాగ్ 190 దాకా ఉంటుంది, వెళ్లాక చార్జింగ్ చూసుకోవాలి. హైదరాబాద్‌కి దారిలో ఆగాల్సిందే.

ఈ అంకెలన్నీ ఎక్సెల్‌లో వేసి నాన్నగారికి చూపించాను. ఆయన ఫోన్ దూరంగా పెట్టుకుని మొత్తం చదివారు. తర్వాత అడిగింది ఒక్కటే. మా పెదనాన్న మనవరాలి పెళ్లికి మా కారు నాలుగు రోజులు రావులపాలెంలో ఉంది. ఎవరికి ఆస్పత్రి అవసరమైనా తాళాలు ఇచ్చేస్తాం, పెట్రోల్ వాళ్లే పోసుకుంటారు, ఎంత తిరిగిందో మేము చూడం. "రేపు వాళ్లొచ్చి తాళాలు అడిగితే, కిలోమీటరుకి మూడున్నర అని చెబుతావా?"

షీట్‌లో ఆ కాలమ్ నేను పెట్టలేదు. వ్యాగన్ఆర్‌కి పోయిన వారం నాలుగు టైర్లూ మార్పించాం. ఈ శనివారం టెస్ట్ డ్రైవ్ ఉంది, బ్యాటరీతో కలిపి కొనే కారుకి. నాన్నగారు కూడా వస్తానన్నారు.