కొలువు విడిచి కమతమునకు

మేళ్లచెరువు పేరు వినగానే పలువురకు శివరాత్రినాటి శంభులింగేశ్వరస్వామి జాతరయు, సున్నపురాతి నేలపై వెలసిన సిమెంటు కర్మాగారములును జ్ఞప్తికి వచ్చును. 1967లో నాగార్జునసాగరు నీరు కాలువలకు వదలిన పిదప కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతములు వరిసీమలైనవి. ఇచ్చటి రైతుబిడ్డలు హైదరాబాదు కంపెనీలకు పోవుచుండగా, ఆ కంపెనీ కొలువులు విడిచి, రెండెకరములు కొని, తమ తిండి తామే పండించుకొనవలెనని తలచువారును నేడు కలరు. ఒకరు వదలిపోవు నేలను మరియొకరు వెదకికొని వచ్చుట వింతయే. ఆ కోరికను ఎగతాళి చేయ నక్కరలేదు గాని, లెక్క వేసి చూడవలెను.

అయిదుగురున్న ఇంటికి ఏటికి ఏడెనిమిది క్వింటాళ్ల బియ్యము చాలును. వడ్లు ఆడించినచో నూటికి 65 పాళ్లు బియ్యము వచ్చుననుకొన్నను, 12 క్వింటాళ్ల వడ్లు కావలెను. కాలువ నీరు చక్కగా అందుచోట అరయెకరము ఒక్క పంటలోనే ఇంచుమించు అంత ఇచ్చును. మిగిలిన నేలలో కంది, పెసర, నువ్వు. పెరటిలో మునగ, అరటి, కూరపాదులు. గేదెకు వరిగడ్డి మన కళ్లములోనే దొరకును, పచ్చిమేతకు మాత్రము కొంత చెక్క విడువవలెను. గేదె ఒక్కటే అయినచో అది వట్టిపోయిన నెలలలో చెంబు పట్టుకొని పొరుగింటికి పోక తప్పదు.

తిండి వరకు లెక్క సరిపోయినది. సరిపోనిది రొక్కము. ఉప్పు, గుడ్డలు, కరెంటు, మందులు, పిల్లల చదువు మడిలో మొలవవు. రెండెకరముల వరి నెలజీతమునకు బదులు కాజాలదు. కనుక కనీసము మూడేండ్ల ఖర్చు చేతిలో నుంచుకొనుటయో, చేతనైన పని ఏదో కొంత సాగించుటయో అవసరము.

నీటి సంగతియు అట్టిదే. 2024 సెప్టెంబరు తొలినాళ్ల కుండపోత వానలకు నడిగూడెము మండలమున ఎడమకాలువకు గండి పడినది. కాలువను మాత్రమే నమ్మరాదు. 700 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఒక్క ఎకరముపై పడు నీరు 28 లక్షల లీటర్లు! అందులో కొంతనైనను నిలుపుటకు సేద్యపుకుంట త్రవ్వించుట మేలు.

ఈ దారి త్రొక్కినవారిలో జపానుకు చెందిన మసనోబు ఫుకువోకా ప్రసిద్ధుడు. 1913లో జన్మించి, యొకొహామా రేవులో మొక్కలను పరీక్షించు ఉద్యోగము చేసి, 25 ఏండ్ల ప్రాయమున దానిని విడిచెను. ‘గడ్డిపరకతో విప్లవం’ అను పేర తెనుగున వెలువడిన ఆయన గ్రంథము మనవారు పలువురు చదివిరి. అయితే చదివినవారు తరచు మరచు ముచ్చట యొకటి కలదు. తండ్రి నారింజతోటను ప్రకృతికే వదలుదునని కొమ్మలు కత్తిరించుట మానగా, కొమ్మలు చిక్కుపడి, పురుగు పట్టి, చెట్లు చచ్చినవి. అటుపై ఆయన మరల కొలువులో చేరి, రెండవ ప్రపంచయుద్ధము ముగియువరకు కోచి పరిశోధనశాలలో పనిచేసెను. ఏమియు చేయకుండుటకును, తెలిసి చేయక మానుటకును నడుమ ఆయనకే అన్ని యేండ్లు పట్టినవి.

నేల కొనువారు రికార్డు చూచినంతనే తృప్తి పడరాదు. ధరణి స్థానమున 2025లో భూభారతి వచ్చినది. అందలి పేరుతోపాటు, పొలములో దున్నుచున్నదెవరో కూడ విచారింపవలెను. వేసవిలో ఒకమారు, వానలలో ఒకమారు పొలమునకు పోయి, నీటి వంతు ఎట్లు నడచునో గట్టు పొరుగువానిని అడుగవలెను. ఇంటిలో ఇల్లాలి సమ్మతి మాటవరుసకు గాక నిజముగా కావలెను; తెల్లవారుజామున పేడ ఎత్తుట, పాలు పిదుకుట తుదకు ఎవరి మీద పడునో మనకు తెలియనిది కాదు.

కొలువులో నుండగనే అరయెకరము కౌలుకు తీసికొని ఒక వానాకాలము, ఒక యాసంగి సెలవుదినములలో చేసి చూచుట అన్నిటికంటె చవుక. వానాకాలపు నారు జూన్ నెలలో పోయుదురు. కౌలు మాటలు అంతకు ముందే ముగియవలెను గనుక, ఉగాదికి ముందే ఊరికి పోయి అడుగుట మంచిది.