ఉప్పుజాడీ ఎందుకు చెమరుస్తుంది?

వానాకాలం వచ్చిందంటే ఇల్లాలికి కళ్ళుప్పు జాడీతో పెద్ద చిక్కు. మూత ఎంత బిగించినా అడుగున నీరు చేరుతుంది. ఒకసారి తెచ్చిన ఉప్పు నాలుగు రోజులకే నీరుకారిపోతే, మరోసారి తెచ్చింది నెలల తరబడి నిలుస్తుంది. సముద్రం ఒకటే, ఎండ ఒకటే. మరి ఈ తేడా ఎక్కడిది?

జవాబు నాకు శ్రీకాకుళం జిల్లా నౌపడలో దొరికింది. మా విజయనగరంలో రైలెక్కి పలాస వైపు వెడితే, కోటబొమ్మాళి దాటాక వస్తుందా స్టేషను. ఉప్పుమడులకు ఆ ప్రాంతం పెట్టింది పేరు.

సముద్రంలో ఉన్నది ఒక్క ఉప్పే అనుకుంటాం. కాదు. లీటరు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటే, మన వంట ఉప్పు 27 గ్రాములే. తక్కినవి సున్నపు లవణాలు, మెగ్నీషియం లవణాలు వగైరా. నీరు ఆవిరవుతుంటే ఇవన్నీ ఒక్కసారే పేరుకోవు. తేలికగా కరగనిది ముందు బయటపడుతుంది. నీరు దాదాపు సగమయ్యేసరికి సున్నపురాయి పదార్థం, అయిదో వంతుకు తగ్గేసరికి జిప్సం, పదో వంతుకు దిగాక ఉప్పు!

అందుకే మడులు వరుసగా కడతారు. మొదటి మడుల్లో సున్నం, జిప్సం దిగిపోతాయి. చిక్కబడిన నీటిని చివరి మడుల్లోకి వదులుతారు. అక్కడ వంగి చూశాను. నీటిమీద ఆవగింజలంత పలకలు, నాలుగు మూలలూ కొలిచి కోసినట్టున్నాయి. సోడియం, క్లోరిన్ ఒకటి విడిచి ఒకటి బారులు తీరడంవల్ల వచ్చిన రూపమది. బరువెక్కగానే అవి అడుగుకు దిగి, అక్కడే పెరుగుతాయి.

అసలు కిటుకు ఆఖరున ఉంది. ఉప్పు దిగాక మిగిలే నీరు చేదు. దాని నిండా మెగ్నీషియం లవణాలే. సమయం చూసి దాన్ని వదిలేయాలి. ఇంకా వస్తుందని ఆశపడి ఎండనిస్తే, ఆ లవణాలూ ఉప్పులో కలుస్తాయి. రాశి పెరుగుతుంది, రుచి చెడుతుంది. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ నూటికి 75 పాళ్ళు దాటితే గాని చెమర్చదు. మెగ్నీషియం క్లోరైడుకు అందులో సగం తేమ చాలు! మీ జాడీలో ముందుగా చేరే నీరు దాని చలవే.

ఆగితే మరో గండం కూడా ఉంది. వరి రైతు ఏ మబ్బుకోసం ఎదురుచూస్తాడో, అదే మబ్బు ఉప్పు రైతుకు బెంగ. ఒక్క గట్టి జల్లు పడితే వారాల పంట మళ్ళీ నీరే.

ఈసారి కళ్ళుప్పు కొనేటప్పుడు గుప్పిట పట్టి చూడండి. పొడిగా, విడివిడిగా జారితే, ఎవరో ఒక రైతు ఆశను అదుపులో పెట్టుకుని, చేదునీటిని వేళకు వదిలేశాడన్నమాట.