నవల - పడుగు పేకలు

కథలయందు ఆసక్తి లేని మానవుడు ఉండడు. అవ్వ చెప్పిన కథ, రచ్చబండకడ పెద్దలు చెప్పుకొను ముచ్చట, తిరునాళ్లలో ఎవరికో ఎదురైన వింత - ఇవన్నియు కథలే. ఒక్కొక్క యూరిలో పది నవలలకు చాలినన్ని సంగతులుండును. అయినను కథలు తెలిసినవారెల్లరు నవలాకారులు కాజాలరు. తెలిసిన సంగతులలో దేనిని ముందు చెప్పవలెను, దేనిని దాచి యుంచవలెను, దేనిని విడిచిపెట్టవలెను అని యెరిగినవాడే నవలను రచింపగలడు. ఈ నేర్పునకే కథాసంవిధానమని పేరు. ఇది పుట్టుకతోడనే రావలసిన విద్య కాదు. శ్రద్ధతో నేర్చుకొనదగిన పని.

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములలో చేనేత చిరకాలముగా సాగుచున్న వృత్తి. మగ్గము చెంత నిలిచి చూచినవారికి కథాసంవిధానము సులభముగా బోధపడును. నూలు ఎంత మేలైనదైనను కుప్పగా పోసినంతమాత్రమున వస్త్రము కాదు. నేతగాడు మొదట పడుగును సాచి, పోగులు చిక్కుపడకుండ వరుసచేసి మగ్గమునకు ఎక్కించును. పిమ్మట నాడె అటునిటు పరుగెత్తుచు పేకను పడుగులో కలుపును. నవలలో కార్యకారణముల వరుస పడుగు వంటిది. సంఘటనలు, సంభాషణలు, వర్ణనలు పేక వంటివి. పడుగు తెగినచో, పేక ఎన్ని రంగులదైనను బట్ట నిలువదు.

కార్యకారణముల వరుస యనగా నేమి? పులివెందుల ప్రాంతమున ఒక రైతు పొలము అమ్ముకొనెను. అతని కుమారుడు చదువు మానెను. ఈ రెండు మాటలును రెండు వార్తలు మాత్రమే. వానలు లేక బావి యెండిపోయినది. రైతు అప్పు చేసి మరియొక బావి త్రవ్వించెను. అందును నీరు పడలేదు. అప్పు తీర్చుటకై పొలము అమ్మెను. తండ్రి కష్టమును చూచి సహింపలేక కుమారుడు బడి మాని ప్రొద్దుటూరి అంగడిలో పనికి కుదిరెను. ఇప్పుడు ఒక సంఘటన మరియొకదానిని ఈడ్చుకొని వచ్చుచున్నది. అంతేకాదు, పాఠకుని మనస్సులో ఒక ప్రశ్న పుట్టినది: ఆ బాలుడు మరల బడికి పోగలడా? ఈ ప్రశ్నయే పాఠకునిచే పుటలు త్రిప్పించును. ఇట్టి ప్రశ్నను పుట్టించి, దానిని తుదివరకు ఆరిపోకుండ కాపాడుటయే నవలా నిర్మాణమునకు మూలము.

సంఘటనలను నడిపించునది మనుష్యుల స్వభావము. ఎండిన బావి యొక్కటే యైనను, దాని చెంత నిలిచిన మనుష్యులందరు ఒక్కటి కారు. పౌరుషము గలవాడు మరల త్రవ్వించును. భయస్థుడు ఊరు విడుచును. మొగమాటము గలవాడు ఎవరికిని చెప్పకొనక లోలోపల కుములును. కావున నవల వ్రాయబూనినవాడు “తరువాత ఏమి జరుగును?” అని ప్రశ్నించుకొనుటకు ముందు “ఇట్టి మనుష్యుడు ఇప్పుడు ఏమి చేయును?” అని ప్రశ్నించుకొనవలెను. స్వభావమునకు సరిపడని పనిని పాత్రచేత బలవంతముగా చేయించినచో పాఠకుడు దానిని నమ్మడు.

కథ జరిగిన వరుస వేరు, కథ చెప్పు వరుస వేరు. ఈ రహస్యమును తెలుగువారు నవల యను పేరు వినుటకు చాల ముందే యెరిగియుండిరి. జమ్మలమడుగునకు ఉత్తరముననున్న నంద్యాలను ఏలిన కృష్ణభూపతికి 16వ శతాబ్దమున పింగళి సూరన తన కళాపూర్ణోదయమును అంకితమిచ్చెను. ఆ కావ్యకథ ద్వారకలో కలభాషిణి యను యువతి చెలులతో ఉయ్యాల యూగుచుండగా ప్రారంభమగును. ఆకాశమార్గమున నారదుడు, అతని శిష్యుడు మణికంధరుడు, విమానముపై రంభానలకూబరులు కనిపింతురు. తరువాత పెక్కు పాత్రలు, పెక్కు వృత్తాంతములు ప్రవేశించును. ఒకదానికి మరియొకదానితో సంబంధము లేదేమోయని చదువరి తికమకపడును. చాలదూరము నడిచిన పిదప మధురలాలస యను శిశువు నోరు విప్పి పూర్వవృత్తాంతమును చెప్పును. ఆ శిశువే పూర్వజన్మమున కలభాషిణి. ఈ కథకంతటికిని మూలము బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథయని అప్పుడు తెలియును. కాలక్రమమున మొదటిది కావలసిన సంగతిని కవి ఆలస్యముగా వెల్లడించెను. దానితో అంతవరకు విడివిడిగా తోచిన పోగులన్నియు ఒక్క వస్త్రమై కనబడును.

రామాయణ భారతకథలను ఒకే పద్యములలో ఇమిడించి రాఘవపాండవీయమును రచించిన సూరనకు ఇట్టి కూర్పు అసాధ్యము కాలేదు. ఆధునిక విమర్శకులలో కట్టమంచి రామలింగారెడ్డి 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారమున కళాపూర్ణోదయమును విపులముగా పరిశీలించెను. అయితే సంగతిని దాచుట వేరు, పాఠకుని మోసగించుట వేరు. దాచిన సంగతికి సంబంధించిన చిన్న గుర్తులను రచయిత ముందుగనే అచ్చటచ్చట ఉంచవలెను. రహస్యము బయటపడినప్పుడు పాఠకుడు “ఔరా, ఇది ముందే తోచలేదే!” అనుకొనవలెనే గాని “ఇది ఎచ్చటినుండి ఊడిపడినది?” అనుకొనరాదు.

ఒకరి నిర్మాణమును చూచి మరియొకరు నేర్చుకొనుట దోషము కాదు. 1878లో ప్రకటితమైన రాజశేఖర చరిత్రమునకు కందుకూరి వీరేశలింగము, గోల్డుస్మిత్తు ఆంగ్లమున రచించిన నవలనుండి ఛాయలను గ్రహించెను. కాని అందలి యిల్లు, ఆచారములు, మూఢవిశ్వాసములు తెలుగుదేశమునకు చెందినవే. చట్టము పరాయిదైనను ప్రాణము తనది కావలెను.

ఆ ప్రాణము పుట్టిన చోటినుండి లభించును. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రచించిన కొండపొలము నవలకు 2019లో తానా నవలల పోటీలో బహుమానము లభించినది. 2021లో అది చలనచిత్రముగను వచ్చినది. కరవుకాలమున మేతకును నీటికిని గొఱ్ఱెల మందలను నల్లమల యడవికి తోలుకొనిపోవుటయే కొండపొలము. చదువుకొనియు ఉద్యోగము దొరకని యువకుడొకడు కాపరులతో అడవికి పోయి, పులి భయము నడుమ ధైర్యమును నేర్చుకొనును. వాన లేకపోవుట మందను కదిలించినది. మంద మనుష్యులను కదిలించినది. అడవి ఆ యువకుని లోపలి భయమును బయటికి తెచ్చినది. ఇచ్చట కరవు వర్ణన కొఱకు వచ్చినది కాదు. అదియే కథను నడిపించు బలము. ఆ జిల్లాకే చెందిన కథకుడు, నవలాకారుడు కేతు విశ్వనాథరెడ్డి (1939-2023) కడప జిల్లా ఊళ్ల పేర్లపై పరిశోధన చేసిన విద్వాంసుడు. తన నేలను అంత లోతుగా తెలిసికొన్నవానికి కథావస్తువుకై దూరము పోవలసిన పని యుండదు.

నవలకు ఆది, మధ్యము, అంతము ఉండవలెను. జమ్మలమడుగు సమీపమున గండికోట కడ పెన్నానది ఈ మూడింటికి చక్కని పోలిక. విశాలముగా వచ్చిన నది అచ్చట ఎత్తైన రాతిగోడల నడుమ ఇరుకున పడి, ఆ గండిని దాటి మరల విస్తరించును. నవలయందును ఆదిలో పాత్రలు, వారి కోరికలు పరిచయమగును. మధ్యమున దారులు ఒక్కొక్కటిగా మూసికొనిపోవును. తుదకు పాత్ర తప్పించుకొనరాని నిర్ణయము చేయవలసివచ్చును. ఆ నిర్ణయఫలమే అంతము. పైన చెప్పిన రైతుకథలో చివరి పుటయందు హఠాత్తుగా నిధి దొరకినదని వ్రాసినచో కథ ముగియును గాని ప్రశ్నకు సమాధానము రాదు. అంతేకాక, అట్టి ముగింపు నిజముగా కష్టపడుచున్న రైతునకు అన్యాయము చేయును. అతని కష్టమునకు గల కారణములను మరుగుపరచి, అదృష్టముపై భారము వేయును. కావున కథాసంవిధానము అలంకారము కాదు, సత్యమును చెప్పు పద్ధతి.

వ్రాసి ముగించిన పిమ్మట అసలు పరీక్ష మొదలగును. పులివెందుల ప్రాంతమునందలి పైడిపాళెమున జన్మించిన రాచమల్లు రామచంద్రారెడ్డి (1922-1988) రా.రా. యను పేరుతో ప్రసిద్ధుడైన విమర్శకుడు. 1968లో సంవేదన యను పత్రికను వెలువరించెను. సారస్వత వివేచన ఆయన విమర్శగ్రంథము. రచయిత కీర్తిని చూచి మొగమాటపడక రచనలోని గుణదోషములను నిర్భయముగా చెప్పుట ఆయన పద్ధతి. రచయిత తన ప్రతిని తానే అట్టి విమర్శకుని కన్నులతో చదువుకొనవలెను. ఈ ప్రకరణమును తీసివేసినచో కథకు లోటు కలుగునా? ఈ పాత్ర లేకున్న నేమగును? లోటు కలుగనిచో అది ఎంత అందమైనదైనను విడిచిపెట్టవలెను.

విద్యార్థులు దీనిని చిన్న పనితో అభ్యసింపవచ్చును. తమ యూరిలో ఒక మనుష్యుని ఎన్నుకొని, అతడు దేనిని కోరుచున్నాడో ఒక వాక్యమునను, దానికి అడ్డమేమో రెండవ వాక్యమునను, అతడేమి చేసెనో మూడవ వాక్యమునను వ్రాయవలెను. ఆ మూడు వాక్యముల నడుమ “కాబట్టి”, “కాని” అను మాటలు ఇముడునేమో చూడవలెను. ఇమిడినచో పడుగు సిద్ధమైనట్లే. “తరువాత” అను మాట ఒక్కటే ఇముడునేని పోగులను మరల వరుసచేసికొనవలెను. ఓరిమి గలవారికి పేక తానై దొరకును. దానిని అందించు ఊళ్లకు, మనుష్యులకు తెలుగునాట కొదువ లేదు.